వీపు సాక్ష్యం

"చొక్కా విప్పి చూపించండి," అన్నాడు జడ్జి.

చక్రాల కుర్చీలో ఉన్న కొడుకు గుండీలు తీసుకున్నాడు. తండ్రి వెనక నిలబడి చొక్కా కిందికి లాగాడు. పరుపులు కుట్టి బతికే మనిషి. 

కోర్టు హాల్లో వెనక వరసల వాళ్లు లేచి చూశారు. వీపు నిండా చారలు. మాని, నల్లబడి, ఒకదాని మీద ఒకటి.

కొడుకు చేసిన నేరమల్లా, ఒకరింటికి పరుపు మోసుకెళ్లి మంచం మీద వేసి రావడం. ఆ పూటే ఆ ఇంట్లో గొలుసు కనబడలేదు. పోలీసులు పట్టుకెళ్లి స్టేషన్లో పడేశారు. చివరికి గొలుసు ఆ ఇంటి బీరువా వెనకే దొరికింది. "పోరా, పో" అని వదిలేశారు.

తండ్రి ఊరుకోలేదు. లాయరు దగ్గరికి పరిగెత్తాడు.

లాయరు తలెత్తలేదు. "ఒంటి మీద దెబ్బలుంటే డాక్టరుకి చూపించి తీసుకురా. లేకపోతే నా గుమ్మం ఎక్కకు. ఉత్త మాటలకి ఏ జడ్జీ పోలీసోణ్ని ముట్టుకోడు."

మర్నాడే కొడుకుని ఆసుపత్రిలో చేర్చాడు. దెబ్బలు ఒక్కొక్కటే కాగితం మీద రాసుకుంటూ వచ్చిన డాక్టరు నడుం దగ్గర ఆగాడు. "ఇదొక్కటి వెన్నుపూస మీద పడింది. ఇక నడవలేడు."

తన చెల్లెలి పురిటికి ఊరెళ్లిన తల్లి, కబురంది ఏడుస్తూ వచ్చేసరికి, కొడుకు మంచం మీద బోర్లా పడుకుని ఉన్నాడు.

బోనులో ఆ స్టేషన్ ఇన్‌స్పెక్టరు ఊగిపోయాడు. "అవి మా దెబ్బలు కావు సార్! మేం దుప్పట్లో చుట్టి కొడతాం. ఇన్నేళ్ల సర్వీసులో ఒక్కడి ఒంటి మీదైనా మచ్చ పడనిచ్చానేమో కనుక్కోండి!"

హాలంతా గొల్లున నవ్వింది. ఆయన తరఫు లాయరు నెత్తి పట్టుకున్నాడు.

"అంటే, కొట్టిన మాట నిజమేనన్నమాట," అన్నాడు జడ్జి.

కొడుకు వైపు తిరిగాడు. "నడుం మీద ఆ దెబ్బ వేసిందెవరు?"

కొడుకు తండ్రిని చూశాడు. తండ్రి తల వంచుకున్నాడు.

"భయపడకు బాబూ, చెప్పు," అన్నాడు కొడుకు తరఫు లాయరు.

కొడుకు చెయ్యెత్తి బోను వైపు చూపించాడు.

ఇన్‌స్పెక్టరుకి ఉద్యోగం పోయింది. జైలు శిక్ష పడింది. వరండాలో లాయరు తండ్రి భుజం చరిచాడు. "గెలిచాం పెద్దాయనా! నా వాదన కాదు, మీవాడి వీపు గెలిపించింది."

ఇంటికొచ్చాక తల్లి కొడుకు వీపుకి నూనె రాస్తూ మళ్లీ మొదలెట్టింది. "ఆ దెబ్బ వేసిన చెయ్యి పడిపోనూ! ముద్ద నోటిదాకా వెళ్లకుండా చచ్చుబడిపోనూ!"

"ఊరుకోమ్మా. జైలుకి పోయాడుగా."

"నువ్వూరుకోరా. కన్నకడుపు మంట ఊరికే పోదు."

ఆమె మొగుడి వైపు చూసింది. కంచం ముందు కూర్చున్నాడు. ముద్ద చేతిలోనే ఉంది.

"తినవేంటయ్యా? వీడు మంచాన పడ్డప్పట్నుంచీ దూది కొట్టడం మానేశావు. ఆ బెత్తం ఎక్కడ పారేశావో కూడా తెలీదు. ఇప్పుడు తిండి కూడా మానేస్తావా?"

అతను ముద్ద కంచంలో పెట్టేశాడు.

ఒంటి మీద గీత కూడా లేకుండా స్టేషన్ నుంచి నడిచి వచ్చిన కొడుకు, ఆ బెత్తమే తెచ్చి చేతికిచ్చి, "దెబ్బలు కనబడాలన్నాడుగా లాయరు, గట్టిగా కొట్టు నాన్నా" అని గోడ వైపు తిరిగి నిలబడిన రోజు ఆమె ఇంట్లో లేదు.