పిరికివాడి పెళ్లాం

మబ్బుమొసలి తోలుని లోపలివైపు గీకుతున్న ముసలాయన కత్తి దేనికో తగిలి ఖంగుమంది.

"అమ్మాయ్, ఒకసారి ఇటు రా" అని కోడల్ని పిలిచాడు.

మబ్బులతోపాటు ఈదుకుంటూ వచ్చి మనుషుల్ని ఎత్తుకుపోయే ఆ మొసలి నిన్ననే వేటగాళ్లకి చిక్కి చచ్చింది. దాని గొంతు దగ్గర, ఎప్పుడో మానిపోయిన గాయం కింద, ఒక బాకు పిడితో సహా కూరుకుపోయి ఉంది. పిడికి ఎర్రతోలు తాడు. మొగుడు వేటకి వెళ్లేముందు ఆ తాడు చుట్టి ఇచ్చింది ఆమే.

"చూశావా, ఎదురెళ్లి గొంతులో పొడిచాడు నా కొడుకు." ముసలాయన బాకుని ఊడబీకి ఆమెకి అందించాడు. "తోటివాళ్లని వదిలేసి పారిపోయాడన్నారే! ఆ వాగిన నోళ్లన్నీ ఇవాళ మూతపడాలి. ఇక నువ్వు తలెత్తుకుని తిరగొచ్చమ్మా."

ఆమె బాకు అందుకోలేదు.

"మీరు బాధపడతారని ఇన్నాళ్లూ చెప్పలేదు మామయ్యా. వాళ్లు పిరికివాడి పెళ్లామని పిలిచినప్పుడల్లా నాకు ధైర్యంగా ఉండేది."

"అదేంటమ్మా?"

"పారిపోయినవాడైతే ఎప్పటికైనా ఇంటికొస్తాడు కదా."