లోపలి గడియ

బయటి నుంచి ఎవరో తాళాల గుత్తితో తలుపు మీద టకటక కొట్టారు.

స్టోర్ రూమ్‌లో బట్టల తానుల మధ్య కూర్చున్న ఆమె ఉలిక్కిపడింది. చేతిలో పాల సీసా ఒలకబోయి ఆగింది.

"ఎవరు?"

"నేనే. అలికిడి లేదే, ఉన్నావా పోయావా?"

గేటు దగ్గర కాపలా ఉండే ఆవిడ. సంచీ తడిమి చూడనిదే ఎవర్నీ బయటికి పంపదు. అందుకే మిషన్ల మీద కుట్టేవాళ్ళంతా చాటుగా పోలీసత్త అంటారు.

"ఉన్నానత్తా," అంది ఆమె నీరసంగా.

పసిబిడ్డను తన తల్లి దగ్గర వదిలి మళ్ళీ పనిలోకి వచ్చి వారం కాలేదు. అప్పుడే ఎడమ రొమ్ములో గడ్డ కట్టింది. ముట్టుకుంటే గులకరాయిలా తగులుతోంది, చెయ్యెత్తితే ప్రాణం పోతోంది.

ఫ్యాక్టరీ నర్సు చూసి, "పాల నాళం మూసుకుపోయిందమ్మా. గట్టిగా పిసక్కు. బిడ్డ దగ్గరుంటే పట్టించు, లేకపోతే నెమ్మదిగా చేత్తో తీసెయ్. అలాగే వదిలేస్తే జ్వరం వస్తుంది, చీము కూడా పట్టొచ్చు," అంది.

అన్ని మాటల్లోనూ ఆమెకు గుర్తున్నది చీము ఒక్కటే. చీమంటే కత్తి, కత్తంటే ఆసుపత్రి, ఆసుపత్రంటే బిడ్డ ఆకలి. మనసు అక్కడిదాకా వెళ్ళి గాని ఆగలేదు.

సూపర్‌వైజరును బతిమాలుకుంటే, భోజనం వేళ ఈ గది వాడుకోమన్నాడు. కిటికీ లేదు. తలుపుకు లోపల ఇనుప గడియ ఉంది. అది వేశాకే ఆమె చొక్కా బొత్తాలు విప్పేది.

కానీ గడియ వేసీ వేయగానే బయట కుర్చీ ఈడ్చిన చప్పుడు. పోలీసత్త తలుపుకు వీపు ఆనించి కూర్చునేది.

నొప్పికి ఆమె మూలిగితే చాలు, బయట పాట మొదలయ్యేది. శ్రుతీ లేదు, లయా లేదు. గొంతు మాత్రం గేటుదాకా వినపడేది.

వెక్కిరిస్తోంది అనుకునేది ఆమె.

ఒక్కోసారి మగవాళ్ళ మాటలు. "లోపల..." అంటూ అత్త ఏదో చెప్పడం, వాళ్ళు నవ్వుతూ వెళ్ళిపోవడం.

నా సంగతి ఊరంతా చాటుతోంది అనుకునేది. ఆ బెదురుకు రావలసిన పాలు కూడా వచ్చేవి కావు.

పని అయ్యాక గడియ తీసి నెట్టినా తలుపు కదలదు.

"అత్తా, తలుపు."

"ఆఁ, లేస్తున్నా. ఇవి మోకాళ్ళు, మీ మిషన్లు కావు మీట నొక్కగానే కదలడానికి."

ఒకరోజు ఆమె ఉండబట్టలేక అడిగింది. "ఇక్కడే ఎందుకు కూర్చుంటావత్తా?"

ఒళ్ళో టిఫిన్ డబ్బా మూత పెడుతూ అత్త ఎగాదిగా చూసింది. "నా భోజనం నేనెక్కడ తింటే నీకేం? నీకు ఒకటి చెబితే పది ఊహించుకుంటావు. పో, మిషను చూసుకో."

పక్క మిషను వదిన గుసగుసగా అంది. "ఎంతసేపు లోపలుంటున్నావో చూడమని పైవాళ్ళే పెట్టుంటారు."

"అది సరే వదినా, లోపల ఉన్నవన్నీ బట్టలు. నిప్పంటుకుంటే? అప్పుడే ఆవిడ కునుకు తీస్తుంటే?"

"అప్పుడే కాలి బూడిదైపోయావా తల్లీ? నీ ఊహలకి ఫైరింజను కూడా చాలదు."

వదిన నవ్వింది. ఆమెకు నవ్వు రాలేదు. సాయంత్రానికి ఒళ్ళు వెచ్చబడింది. రేపు కూడా పాలు తీయలేకపోతే నర్సు చెప్పినంతా జరిగేలా ఉంది.

వెళ్ళి సూపర్‌వైజరు ముందు నిలబడింది.

"సార్, నన్ను లోపల పెట్టి అత్త తలుపుకి అడ్డంగా కూర్చుంటోంది. నాకు ఊపిరాడటం లేదు."

"ఎవరు కూర్చోమన్నారు? గేటు వదిలేసి అక్కడేం పని ఆవిడకి?"

"తెలీదు సార్. మీరే పెట్టారనుకున్నా."

"నేనెందుకు పెడతాను?"

మర్నాడు గేటు దగ్గర కొత్త మనిషి ఉంది. అత్తను ఊరవతల గోదాముకు మార్చేశారు.

భోజనం వేళ ఆమె గదిలోకి వెళ్ళి గడియ వేసింది. కుర్చీ చప్పుడు లేదు. తాళాల గుత్తి లేదు. పాట లేదు.

భుజాలు దిగాయి. వెచ్చటి తువ్వాలు అద్దుకుని, కళ్ళు మూసుకుని బిడ్డ ముఖం తలచుకుంది. కాసేపటికి పాలు ధారగా వచ్చాయి. వేళ్ళ కింద గడ్డ కొద్దికొద్దిగా మెత్తబడుతోంది.

అప్పుడే వెలుగు లోపలికి పడింది.

తలుపు బార్లా తెరుచుకుంది. గుమ్మంలో, భుజాన తానులతో హమాలీలు.

ఆమె గోడవైపు తిరిగి తువ్వాలు కప్పుకుంది. సీసా కింద పడి పాలు నేలపాలయ్యాయి.

"అయ్యో, చూడలేదమ్మా." గబుక్కున తలుపు మూశారు. బయటి నుంచే ఒకతను తడబడుతూ అన్నాడు. "రోజూ అత్త ఇక్కడ కూర్చుని, లోపల సరుకు లెక్క చూస్తున్నారు, తర్వాత రండి అని పంపేసేది. ఇవాళ ఎవరూ లేరని లాగాం. ఏమీ అనుకోకమ్మా."

వాళ్ళ అడుగులు దూరమయ్యాక ఆమె బొత్తాలు పెట్టుకుని తలుపు దగ్గరికి వచ్చింది. గడియ వేసింది వేసినట్టే ఉంది.

అలాగే ఉంచి, వేలితో నెట్టింది. తలుపు తెరుచుకుంది.

బయటికి వచ్చి చూసింది. గుమ్మానికి గడియ దిగే చోట, లోపలికి కనపడకుండా, బయటివైపు చెక్కంతా ఎప్పుడో చీలి ఊడిపోయింది.

మూల ఖాళీ కుర్చీ ఉంది.

తలుపు మీద, కూర్చున్న మనిషి వీపు ఆనినంత మేర చెమట మరక ఉంది. ఇన్నాళ్ళూ ఆ గదికి ఉన్న గడియ అదొక్కటే.