ఎస్తేరమ్మ సైగ

దానియేలు పాస్టరు వాక్యం చెబుతూనే ఉన్నాడు. ఇన్నేళ్లూ ఆడవాళ్ల చాప మీది నుంచి భార్య ఎస్తేరమ్మ ఇక చాలన్నట్టు తన బైబిలు మూసేది. అది చూసి ఆయన ముగించేవాడు. ఆమెను సమాధి చేశాక ఇదే మొదటి ఆదివారం.

బయట చెట్ల కింద రాలిన ఇప్పపువ్వును మేకలు తినేస్తున్నాయి. "జల్దీ కానియ్యయ్యా, పువ్వు ఏరుకోవాలె" అని ప్రతివారం అదే చాప మీద గొణిగే జంపక్క కూడా ఇవాళ కదల్లేదు.

"పువ్వంతా పోతుంది. నన్నెవరన్నా ఆపొచ్చు గదా?" అన్నాడు దానియేలు.

"ఇంటికి పోతే నీకెవరున్నరయ్యా? వాక్యం చెప్పు, కూసుంటం" అంది జంపక్క.

దానియేలు చాప మీది ఖాళీని చూశాడు. తన బైబిలు తానే మూసి, ఆమెన్ అన్నాడు.

అయినా ఎవరూ లేవలేదు.