తెరిచి ఉన్న ఒక్క హోటల్

"తిండి లేదని చెప్తుంటే అర్థం కాదా? లేవండి!" కౌంటర్ వెనకనుంచి ఆవిడ అరిచింది.

రాస్కో లేవలేదు సరికదా, టోపీ తీసి బల్లమీద పెట్టాడు. "తల్లీ, పొద్దుటినుంచి మూడు ఊళ్ళు తిరిగాం. మూడుచోట్లా తాళాలే. నీ పెనం మీద పొగలొస్తున్నాయి, లేదంటావేం? రెండు గుడ్లు కొట్టి పడెయ్, తినేసి పోతాం."

డెల్బర్ట్ నవ్వాపుకున్నాడు. పదకొండేళ్ళ తర్వాత కలిసినా స్నేహితుడు రవ్వంత మారలేదు. ఆకలేస్తే మనిషి కాడు. పైగా నెబ్రాస్కాలో ఈ మూలన, ఆదివారం మధ్యాహ్నం తలుపు తెరిచిన హోటల్ కనపడటమే గగనం. దొరికినదాన్ని రాస్కో వదులుతాడా?

ఆవిడ పళ్ళు కొరుక్కుంటూ రెండు కప్పులు తెచ్చింది. పాతికేళ్ళుంటాయేమో. ఎటో చూస్తూ జగ్గులోంచి కాఫీ పోస్తుంటే సగం బల్లమీదే ఒలికింది.

"ఏమ్మా, ఒంట్లో బాలేదా?" అన్నాడు డెల్బర్ట్.

ఆవిడ జగ్గు బల్లమీదే వదిలేసి వెనక్కి జరిగింది. చూపంతా వంటగది తలుపు మీదే ఉంది.

ఆ తలుపు ధడాలున తెరుచుకుంది. తల పగిలి ఒక కన్ను నెత్తుటితో మూసుకుపోయిన మనిషొకడు గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. చేతిలో తుపాకి.

"చేతులెత్తండి! కదిలితే ముగ్గుర్నీ కాల్చి పారేస్తా!"

"బాబోయ్, చంపేస్తాడు! కాపాడండి!" ఆవిడ డెల్బర్ట్ వీపు వెనక నక్కింది.

డెల్బర్ట్ ఆలోచించలేదు. బల్లమీది కాఫీ జగ్గు ఎత్తి వాడి మొహాన కొట్టాడు. మరిగే కాఫీ పడేసరికి వాడు కెవ్వుమన్నాడు, తుపాకి పేలింది. కిటికీ అద్దం ముక్కలైంది. రాస్కో చెవి తమ్మె ఎగిరిపోయింది. అయినా రాస్కో ఆగలేదు. ఆబోతులా వెళ్ళి కడుపులో గుద్దాడు. ఇద్దరూ నేలమీద పడ్డారు. డెల్బర్ట్ బూటుకాలితో తుపాకి పట్టిన మణికట్టును తొక్కాడు. ఎముక విరిగిన చప్పుడు ముగ్గురికీ వినిపించింది.

"ఆ... అది..." అని వాడేదో అనబోయాడు.

"నోర్ముయ్!" ఆవిడ పొయ్యిమీది ఇనప పెనం తెచ్చి దవడమీద ఒక్కటి వేసింది. వాడు సొమ్మసిల్లాడు. ఆవిడ పెనం మళ్ళీ ఎత్తింది. డెల్బర్ట్ చెయ్యి పట్టుకున్నాడు.

"చాలమ్మా, చచ్చిపోతాడు!"

"చావనీ!" అంది ఆవిడ రొప్పుతూ.

బెల్టులతో వాడి కాళ్ళూ చేతులూ బిగించి కట్టారు. రాస్కో చెవినుంచి నెత్తురు చొక్కా మీదికి కారుతోంది.

"ఇక్కడ ఫోన్లు పలకవు," అంది ఆవిడ. "నేను పోయి షెరీఫ్‌ని తీసుకొస్తా, దారి నాకు తెలుసు. మీ బండి తాళాలివ్వండి. వీడు లేస్తే నేనొక్కదాన్నే ఆపలేను, మీరిద్దరూ ఉండండి."

మాట సబబుగానే తోచింది. డెల్బర్ట్ తాళాలిచ్చాడు. ట్రక్కు దుమ్ము రేపుకుంటూ పోయింది.

"ఒరేయ్, నీ చెవి చూడనీరా," అన్నాడు డెల్బర్ట్, తువ్వాలు మడతపెట్టి అదుముతూ.

"చెవితో తింటానా ఏమిటి? ఆ అద్దాల బీరువాలో ఆపిల్ పై ఉంది, పట్రా. నీతో భోజనానికొస్తే ఎప్పుడూ ఇంతేరా, తన్నులు తిన్నాకే తిండి."

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆపిల్ పై మొత్తం తినేశారు. ఆవిడ వెళ్ళి అరగంట దాటింది.

అప్పుడు కట్టేసినవాడు కదిలాడు. కాళ్ళతో నేలను తన్నుకుంటూ వంటగది వైపు పాకబోయాడు.

"ఎక్కడికిరా?" రాస్కో డొక్కలో ఒక్క తన్ను తన్నాడు. వాడు ముడుచుకుపోయి, మళ్ళీ అటే పాకాడు. ఇంకో తన్ను తగిలింది. ఆగలేదు. నోట్లోంచి నెత్తుటితో పాటు రెండు పళ్ళు ఊడిపడ్డాయి. ఏదో గొణుగుతున్నాడు.

"ఆగరా, ఏదో అంటున్నాడు." డెల్బర్ట్ వంగి వాడి నోటి దగ్గర చెవి పెట్టాడు.

విరిగిన దవడ కూడదీసుకుని వాడు ఒక్కో మాటే పలికాడు:

"ఈ హోటల్ నాది... మీరూ ఆ ఆడదాని మనుషులనుకున్నా... అది నా పెళ్ళాన్ని పొడిచింది... వెనక గదిలో పడుంది, ఇంకా ఊపిరుందేమో చూడండయ్యా."