విషం లాగే మొక్క

చవిటి పెరట్లో తానే నాటించిన, ఉప్పునేలను తట్టుకునే మొక్కల చుట్టూ మట్టి పరీక్షలమ్మ రెండోసారి తిరిగింది. చిగుళ్లన్నీ ఎవరో గిల్లేశారు.

"వదినా, మేకలేమైనా దూరాయా?"

"నా నోటికి జడిసి మేకలు ఈ వీధే తొక్కవు," అంది ఇంటావిడ. "నేనే కోశాను. ఇది విషం లాగేస్తుందన్నావుగా!"

"అన్నాను. పాత బ్యాటరీల సీసం ఈ మట్టిలోకి దిగింది, దాన్ని లాగుతుందని."

"మట్టికన్నా మనిషి ముఖ్యం కదమ్మా. బ్యాటరీలు పగలగొట్టే మీ అన్న ఒంట్లో ఎంత విషముందో! రోజూ దంచి రసం పోస్తున్నా."

పరీక్షలమ్మ గిల్లేసిన కొమ్మల వైపు మళ్లీ చూసింది. లాగిన విషాన్ని మొక్క ఆకుల్లోనే దాచుకుంటుందన్న మాట తాను చెప్పనేలేదు.

లోపలి నుంచి మూలుగు వినిపించింది. "ఏమే, కడుపులో మళ్లీ మెలిపెడుతోంది. ఆ రసం ఇంకో గ్లాసుడు ఇవ్వు."