అయస్కాంతం చేసిన పంపకం

పైసల డబ్బా మీద కూర్చున్న ఈశ్వరి లేవనంది.

జుగ్సలాయి నుంచి వచ్చిన తుక్కు వ్యాపారి బలరామ్ కాటా పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయాడు. పరాయి మనిషి ముందు పెళ్లాం తన పరువు ఇలా తీస్తుందని కూర్మారావు కలలో కూడా అనుకోలేదు. ముప్పై ఏళ్లు ఉక్కు కంపెనీ తుక్కు యార్డులో అయస్కాంతం క్రేను నడిపినవాడు. టన్నులకొద్దీ ఇనుమును కూర్చున్నచోటి నుంచి కదలకుండా పైకి లేపినవాడు. ఇవాళ డబ్బా మీది డెబ్బై కిలోల మనిషిని లేపలేకపోతున్నాడు.

"లెగవే. ఆయన తూకమేసుకుని ఎల్లిపోవాల."

"సగం నాదని సెప్పు, లెగుత్తాను."

"నీకెందుకే సగం? రోజూ కూకోని ఒక్కో పైసా ఏరినోడిని నేను."

"ఏరడానికి ఆ పైసలు ఎక్కడివి? గోల్‌మురిలో నా ఇడ్లీ బండి మీదివి కావా?"

ఆ మాట నిజమే. నిజం కాబట్టే కూర్మారావుకి ఒళ్లు మండింది. ఏళ్ల తరబడి ఈశ్వరి తెచ్చిన చిల్లరంతా ముందు వేసుకుని, పాత స్పీకరులోంచి ఊడదీసిన అయస్కాంతాన్ని ఒక్కో నాణేనికి ఆనించి చూసేవాడు. అంటుకోకపోతే అందులో రాగి ఉన్నట్టు, డబ్బాలో పడేది. అంటుకుంటే ఇనుము, ఈశ్వరి ముందుకి విసిరేసేవాడు. వాటిలో చెల్లేవి ఆమె కూరగాయలకి వాడుకునేది. బజారులో ఎవరూ పుచ్చుకోని పాత రూపాయిలు, అర్ధరూపాయిలు, పావలాలు గోనెసంచిలో పేరుకుపోయాయి.

ఈ ఏడాది రాగి ధర ఆకాశానికి ఎక్కి కూర్చుంది. కూర్మారావు ఎర్ర రంగు పాత స్కూటరు ఒకటి చూసి పెట్టుకున్నాడు. ఈశ్వరి గోల్‌మురి మార్కెట్లో చిన్న కొట్టు ఒకటి చూసి పెట్టుకుంది. సోమవారంలోగా అడ్వాన్సు కట్టకపోతే ఆ కొట్టు మోమోలు అమ్మేవాడికి వెళ్లిపోతుంది.

"ఇన్నాళ్లూ బండి మీద అమ్మలేదేటి? ఇప్పుడు కొట్టు కావాలేటి నీకు?"

"ఇన్నాళ్లూ నువ్వు సైకిలు తొక్కలేదేటి? వానొత్తే పొయ్యి తడిసేది నాది. నగరపాలకోళ్లు ఒత్తే బండి తోసుకుని పరిగెత్తేది నేను. నా తలమీద నాకో రేకు కావాల. అది అడిగితే తప్పేటి?"

బలరామ్ నవ్వు కనబడకుండా దగ్గాడు. లోపలి గదిలోంచి కూతురు తనుశ్రీ, ఫోను మీంచి తలెత్తకుండానే, "పాపా, ఆధా దే దో నా మమ్మీ కో" అని హిందీలోనే అమ్మకి సగం ఇచ్చెయ్యమంది.

"నువ్వు సదువు సూసుకో గుంటా," అని కసిరాడు కూర్మారావు. ఇంటిల్లిపాదీ ఒకటైపోయారని అతనికి రోషం పొడుచుకొచ్చింది. "సగమూ లేదు, పావూ లేదు. రాగి నాది. అయస్కాంతానికి అంటుకున్న ఇనపముక్కలున్నాయి గదా, ఆ సంచిడూ నీదే. పోయి కొట్టు కొనుక్కో."

ఏడుస్తుందనుకున్నాడు. ఈశ్వరి లేచి నిలబడి కొంగు దోపుకుంది.

"మాట మీద నిలబడతావా?"

"కూర్మారావు మాటంటే మాటే."

"బలరామ్ తమ్ముడూ, నువ్వే సాచ్చివి. అంటుకున్నవి నావి, అంటుకోనివి ఆయనవి. రేపు ఎవరూ కిక్కురుమనకూడదు."

"మధ్యలో నాకేటి వదినా, అలాగే," అన్నాడు బలరామ్.

కూర్మారావుకి ఒక్క క్షణం పాపం అనిపించింది. ఆ వెంటనే ఎర్ర స్కూటరు గుర్తొచ్చింది. తనంతట తానే అయస్కాంతం తెచ్చి గోనెసంచిలో ముంచాడు. నాణేలు గుత్తులు గుత్తులుగా అంటుకుని పైకొచ్చాయి. "సూసుకో, అన్నీ ఇనుమే. తర్వాత నేను మోసం సేశానని అనకు," అన్నాడు.

"అనను," అంది ఈశ్వరి.

డబ్బా తూగింది. పంతొమ్మిది కిలోలు. బలరామ్ పైసల్ని తన సంచిలోకి ఒంపుకుని ఇచ్చిన నోట్లు జేబులో కుక్కుకుని, మీసం దువ్వుకుంటూ కూర్మారావు మంచం మీద చేరబడ్డాడు. బలరామ్ గోనెసంచిని కూడా కాటాకి తగిలించాడు.

"దాన్ని కూడా తూత్తావేటి? మోతకూలి కూడా రాదు," అని నవ్వాడు కూర్మారావు.

బలరామ్ రెండుసార్లు తూచాడు. లోపలి జేబులోంచి ఇంకో కట్ట తీసి, వేలు తడి చేసుకుని లెక్కపెట్టి ఈశ్వరి చేతిలో పెట్టాడు. ఆ కట్ట కూర్మారావు జేబులోదానికంటే లావుగా ఉంది.

కూర్మారావు మంచం మీంచి లేచి వచ్చాడు. "ఇనుముకి ఇంత డబ్బేటి?"

"ఇనుము కాదన్నా, నికెలు. ఆ కాలంలో రూపాయిలు, పావలాలు ఉత్త నికెలుతో కొట్టీవోరు. అది కూడా అయస్కాంతానికి అంటుకుంటాది. రాగి కంటే దానికే రేటెక్కువ."

కూర్మారావు ఖాళీ డబ్బా మీద కూలబడ్డాడు. పెద్దపెద్ద తుక్కు గుట్టలు ఏరిన తన చేత్తోనే, తన అయస్కాంతంతోనే, ఖరీదైనదంతా పెళ్లాం ముందుకి విసిరేశాడు. ఈశ్వరి మాత్రం నోట్లు బొడ్లో దోపుకుని, చెప్పులు వేసుకుని, కొట్టు యజమాని దగ్గరికి అప్పుడే బయలుదేరింది. ఆమె వీధి మలుపు తిరిగేదాకా చూసి, మనసుకి సర్దిచెప్పుకోవడానికి అతనికి ఒకే ఒక్క మాట దొరికింది.

"పోనీలే తమ్ముడూ. దానిదంతా గుడ్డి అదృష్టం. దానికి మాత్రం తెలుసేటి?"

బలరామ్ గోనెసంచి మూతి బిగించి భుజానికెత్తుకున్నాడు.

"తెలీకపోడమేటన్నా? పోయిన వారమే మా గొడౌనుకొచ్చి రేటు కనుక్కుని ఎల్లింది. సగం అడిగితే నువ్వేటంటావో కూడా అప్పుడే సెప్పింది."