మూడో కాఫీ

ఆ దేశంలో ఇంటికొచ్చినవాణ్ణి పొమ్మనరు. మూడో కాఫీ ఇస్తారు.

మొదటిది వచ్చినందుకు. రెండోది కబుర్లకు. మూడోది వచ్చిందంటే ఎంతటివాడైనా టోపీ వెతుక్కోవాల్సిందే. ఆ బాల్కన్ కొండల్లో గొర్రెల కాపరి నుంచి బిషప్పు దాకా ఎవరికీ ఇది విడమరచి చెప్పనక్కర్లేదు.

అందుకే ఆ ఆదివారం ద్రాగిషా తన భార్య యెల్కాను వంటింటి గుమ్మం దగ్గరే ఉండమన్నాడు. తను ముక్కు గోక్కుంటే మూడో కాఫీ. మీసం దువ్వుకుంటే రకియా సారా సీసా, పక్కన పొగబెట్టిన పంది మాంసం.

సాయంత్రానికల్లా రెండు పేర్లు తేలాలి. రక్షణ మంత్రి ఒకరు, విదేశాంగ మంత్రి ఒకరు. కొత్త ప్రధాని వెలిమిర్ ఆ బరువు తెచ్చి ద్రాగిషా నెత్తిన పెట్టాడు. పెట్టడా మరి? ద్రాగిషా ఆయనకు కూమ్. బిడ్డను ఎత్తుకుని చర్చిలో పేరు పెట్టినవాణ్ణి అక్కడ కూమ్ అంటారు. సొంత అన్న మాటైనా తీసేయొచ్చు గాని, కూమ్ మాట తీసేసినవాడికి కన్నతల్లి కూడా రొట్టె ముక్క పెట్టదు.

ద్రాగిషాకు మాత్రం పొద్దుటి నుంచీ ముద్ద దిగలేదు. ఆ రెండు కుర్చీల్లో తగని మనుషులు కూర్చున్నారంటే తన ఉద్యోగం ఊడినట్టే. పింఛనుకు ఇంకో ఏడాదే ఉంది. పైవాళ్ళు చూస్తే మెతక మనుషులు కారు.

పిలిచిన నలుగురూ ఒకరి తర్వాత ఒకరు, వెనక గేటు నుంచే వచ్చారు.

మొదట కల్నల్ వుకాషిన్. సరిహద్దు కొండల్లో తిరిగీ తిరిగీ మనిషి ముఖం కూడా బండరాయిలాగే అయిపోయింది. కుర్చీ అంచున కూర్చున్నాడు. ఎండలూ, మోకాళ్ళ నొప్పులూ మాట్లాడుకోవడం అయ్యాక, ద్రాగిషా తాపీగా ఉత్తరపు కనుమ దగ్గర సైనికులు ఎంతమంది ఉంటారని అడిగాడు.

"అది ప్రధాని గారు అడిగితే చెప్తానండీ."

"నేను ఆయన కూమ్‌నే కదయ్యా."

"పాపకి పేరు పెట్టారు, నిజమే. కనుమకి పెట్టలేదుగా."

ద్రాగిషా ముక్కు గోక్కున్నాడు. కల్నల్ మూడో కాఫీ ఒక్క గుక్కలో తాగేసి, టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

తర్వాత జనరల్ రాతొమిర్. ముందు పతకాలు వచ్చాయి, వాటి వెనకాల ఆయన వచ్చాడు. తను మంత్రయితే సైన్యానికి కొత్త దుస్తులు, తెల్ల గుర్రాలు, వారానికో కవాతు అన్నాడు. కనుమ సంగతి ఎత్తితే, అక్కడ చలి మరీ ఎక్కువ, కుర్రాళ్ళందరినీ కిందికి దింపి రాజధానిలో కవాతు చేయిస్తే చూసేవాళ్ళకైనా బాగుంటుందన్నాడు. ద్రాగిషా మీసం దువ్వుకున్నాడు. సీసా సగమయ్యేసరికి జనరల్ తన గుర్రాన్ని తలుచుకుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

ఆయన్ని గేటు దాకా నడిపించి వచ్చి యెల్కా పళ్ళెం తీసింది.

"ఏమయ్యా, వీడు గుర్రం మీంచి దిగితే మళ్ళీ ఎక్కలేడు. ఆ కల్నల్ ఎంత నిఖార్సయిన మనిషి, పాపం."

"మంచివాడే. అదేగా చిక్కు."

"నీ ముక్కు అరిగిపోతుంది, జాగ్రత్త," అనేసి ఆమె లోపలికి పోయింది.

మూడోది దరింకా. ఏళ్ళ తరబడి దౌత్యంలో పండిన మనిషి. నాలుగు భాషల్లో నవ్వగలదు, ఒక్క భాషలోనూ బయటపడదు. గంట మాట్లాడింది. తీరా చూసుకుంటే ఆమె చెప్పిందేమీ లేదు. ద్రాగిషాయే తన మోకాళ్ళకు రాసుకునే తైలంతో సహా అన్నీ చెప్పుకున్నాడు. ఉలిక్కిపడి ముక్కు గోక్కున్నాడు.

మూడో కాఫీ చూసి దరింకా ఏమీ నొచ్చుకోలేదు. "అయితే నేను పనికొస్తానన్నమాట," అని నవ్వి, కప్పు ముట్టుకోకుండానే లేచింది.

ఆఖర్న ప్రొఫెసర్ తిహొమిర్. అంతర్జాతీయ వ్యవహారాల మీద లావుపాటి పుస్తకాలు రాశాడు. కడుపులో మాత్రం ఏ మాటా నిలవదు. రెండో కాఫీ చల్లారకముందే సరిహద్దు సరస్సు పంపకాల సంగతి బయట పెట్టేశాడు. వచ్చే నెల చర్చల్లో ప్రధాని పైకి సగం అడుగుతాడట, లోలోపల మూడో వంతుకే సంతకం పెట్టడానికి సిద్ధంగా ఉన్నాడట.

"మీ దగ్గర దాపరికమేంటండీ. కూమ్ అంటే మా ఇంటి మనిషే కదా."

ద్రాగిషా రెండు చేతులతోనూ మీసం దువ్వుకున్నాడు.

దీపాలు పెట్టే వేళకు వెలిమిర్ ఫోన్ చేశాడు. ద్రాగిషా రెండు పేర్లూ చెప్పాడు.

"మావాళ్ళేమో కల్నల్ అనీ దరింకా అనీ గోల చేస్తున్నారు కూమా."

"వెలిమిరూ, నీ బిడ్డని ఎత్తుకున్న చేతుల మీద ఒట్టు. ఇంతకన్నా తగినవాళ్ళు నాకు దొరకరు."

"నువ్వంత మాటన్నాక ఇంకేముంది," అని ప్రధాని తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. పొద్దుట్నుంచీ ఏమీ తినని ద్రాగిషా, జనరల్ మిగిల్చిన మాంసమంతా లాగించి హాయిగా నిద్రపోయాడు.

సోమవారం జరిగిన ప్రమాణ స్వీకారం ఫోటో మర్నాడు పత్రికల్లో పడింది: జనరల్ పతకాలు, ప్రొఫెసర్ తెరిచిన నోరు, ముందు వరసలో అందరికన్నా గట్టిగా చప్పట్లు కొడుతున్న ద్రాగిషా, కింద చిన్న అక్షరాల్లో ఆయన హోదా, పొరుగు దేశపు రాయబారి.